వృద్ధసైనికుని కడపటి దుస్తులు

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల గ్రామములలో సైన్యమునుండి విశ్రాంతి గైకొని ఇల్లు చేరిన వృద్ధులు నేటికిని కానవత్తురు. 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములలో పాల్గొన్నవారిలో మిక్కిలి పిన్నవారు సయితము ఇప్పుడు డెబ్బది దాటినవారే. అట్టివాని యింట రేకుపెట్టె యొకటి యుండును. అందు మడతపెట్టిన యూనిఫారము, టోపీ, నడికట్టు, పతకములు నుండును. "నేను పోయాక ఈ బట్టలే తొడగండి" అని అతడు ఎప్పుడో ఒకప్పుడు భార్యతోనో కుమారునితోనో అనియుండును. "అయ్యో, ఆ మాటలిప్పుడెందుకండీ" అని ఇంటివారు మాట మార్చి యుందురు. మార్చినవారు అతని యందు ప్రేమ చేతనే మార్చిరి. కాని ఆ ప్రేమయే అతని కోరికకు అడ్డమగుచున్నది.

దేశమున ఇన్ని సమస్యలుండగా చనిపోయినవాని చొక్కాను గూర్చి పత్రికలో వ్రాయవలయునా యని కొందరు పాఠకులు తలపవచ్చును. ఆ దుస్తులు మన గ్రామములలో ఏమి పని చేసినవో తెలిసినవారు అట్లు తలపరు.

తెలుగువాడు సిపాయి యగుట నిన్న మొన్నటి మాట కాదు. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ ఇంగ్లీషువారును ఫ్రెంచివారును పోరినపుడు ఉభయపక్షములందును సిపాయిలుండిరి. ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' యను పేరే స్థిరపడెను. 1857లో ఢిల్లీకి వచ్చిన తిరుగుబాటు సైనికులను ఆ నగరవాసులు ఆ పేరుతోనే పిలిచిరి. మన దేశము పేరు సైనికునికి పర్యాయపదమైనదన్నమాట. అటుపిమ్మట కొన్ని జాతులే యుద్ధమునకు తగినవను సిద్ధాంతమొకటి ఇంగ్లీషు సేనానులలో బలపడెను. 1885 మొదలు 1893 వరకు సర్వసేనానిగానుండిన రాబర్ట్సు ఆ వాదమునకు పెద్ద దిక్కు. దక్షిణాదివారు యుద్ధమునకు తగరని తేల్చిరి. మద్రాసు కాల్బలములు క్రమముగా తరిగి 1928 నాటికి రద్దయ్యెను. మద్రాసు సాపర్లు మాత్రము మిగిలిరి. రెండవ ప్రపంచయుద్ధము మీదికి వచ్చునప్పటికి ఆ సిద్ధాంతమేమైనదో తెలియదు. తగరనిన వారికే మరల పిలుపు వచ్చెను. మద్రాసు రెజిమెంటు మరల నెలకొల్పబడెను. ఆ యుద్ధకాలమున సుమారు 25 లక్షలమంది భారతీయులు సైన్యమున చేరిరి.

ఇట్లు చేరినవారిలోను, స్వాతంత్ర్యానంతరము చేరినవారిలోను, సెంటు భూమి లేని కుటుంబములవారు కలరు; దళితవాడలలో పుట్టినవారు కలరు. ఊరి నడివీథిని చెప్పులు తొడిగి నడచుటకే అభ్యంతరములుండిన కాలమును మన పెద్దలు ఎరుగుదురు. సెలవుపై వచ్చిన సిపాయి అదే వీథిని బూట్లు తొడిగి నడచెను. ఆ దుస్తులలో కులము కనబడదు. భుజముపై రెజిమెంటు పేరు, చేతిపై హోదాను తెలుపు పట్టీలు, ఎదపై పతకముల రిబ్బనులు కనబడును. ఇవి తాతతండ్రులనుండి సంక్రమించినవి కావు, ఎవరి దయవలన లభించినవియు కావు. అతడు మంచులోను ఎడారిలోను నిలిచి స్వయముగా సంపాదించుకొన్నవి. ఒక మనుష్యుడు తన జీవితమున తన చేతులతో గడించుకొన్న గౌరవమంతయు ఒక రేకుపెట్టెలో ఇమిడియున్నపుడు, దానిని తనతో కొనిపోవలయునని కోరుట వింత కాదు.

కోరిక నెరవేరుటకు అడ్డంకులేమి? మొదటిది మన కోనసీమ నేల. గౌతమికిని వసిష్ఠకును నడుమ, కాలువలును కొబ్బరితోటలును అల్లుకొన్న ఈ సీమలో తేమ బట్టను బ్రతుకనీయదు. రెండు వర్షాకాలములు విప్పి చూడకున్న పెట్టెలో ఉన్ని బూజుపట్టును, ఇత్తడి గుండీలు నల్లబడును, తోలు నడికట్టు పెళుసెక్కును. ఇక వరదలును తుపానులును ఉన్నవి. 1986 ఆగస్టులో ధవళేశ్వరము ఆనకట్టకడ ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు లంకగ్రామములు నీట మునిగెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను కొట్టినపుడు ఇండ్ల పైకప్పులును తోటలును ఏకమయ్యెను. ఆ రెండు దినములలో ప్రాణములే పోయినచోట పెట్టెలు నిలుచునా? దుస్తులతోపాటు డిశ్చార్జి పుస్తకములును పతకములును కొట్టుకొనిపోయిన యిండ్లు నదీతీరమున ఉండకపోవు.

రెండవది కాలము. మన యెండలలో మృతశరీరమును అట్టే ఉంచుటకు వీలుపడదు. మంచుపెట్టె అద్దెకు దొరకిన యింట ఒకదినము ఆగుదురు. దొరకనియింట పొద్దు వాలకముందే మట్టిచేయుదురు. మరణించిన కొలదిగంటలకే అవయవములు బిగుసుకొనును. ఇరువదియేండ్లనాటి చొక్కా ముసలితనమున క్రుంగిన దేహమునకు వదులగును, లేదా నీరుపట్టిన దేహమునకు చాలకుండును. అప్పుడు ఏడ్చుచున్న కుమారుడు పెట్టె తెరచి, చివికిన బట్టను చూచి, మూసివేయును. కొత్త పంచె తెప్పింతురు. అతడు కోరినది కొత్త పంచె కాదు.

మూడవది చట్టమును గూర్చిన భయము. యూనిఫారమును ఇతరులు ధరించుట నేరమని విని జంకువారు కలరు. ఈ విషయమును తేటపరచుట అవసరము. సైనికుడు కానివాడు సైనికుడని ఎదుటివారు నమ్మవలయునను ఉద్దేశముతో ఆ వేషము వేయుట నేరము. పాత శిక్షాస్మృతిలో ఇది 140వ సెక్షను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఇది 168వ సెక్షను. శిక్ష మూడునెలల వరకు ఖైదు, లేదా రెండువేల రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. నేరమునకు ప్రాణము ఆ మోసపుటుద్దేశమే. నిజముగా సైనికుడైనవాని దేహమునకు, అతని కోరికపై, అతడు ధరించిన దుస్తులనే తొడుగుటలో మోసమెక్కడిది? ఎవరిని వంచించుటకు?

అయితే అంగడిలో దొరకు ఏదో ఒక మచ్చల బట్టను కొని కుట్టించి తొడుగుట వేరుమాట. సైన్యము 2022 జనవరి 15వ తేదీన ప్రదర్శించిన కొత్త పోరాటపు యూనిఫారము నమూనాను రిజిస్టరు చేయించి దానిపై హక్కులు పొందియున్నది. అనుమతి లేక దానిని తయారుచేయుటకుగాని అమ్ముటకుగాని వీలులేదు. పైగా 1971లో పోరాడినవానికి 2022 నాటి దుస్తులు తొడుగుట చరిత్రకే విరుద్ధము. అతనిది అతని కాలపు ఆకుపచ్చ దుస్తు. అది చివికిపోయినయెడల తెల్లచొక్కాపైననో కోటుపైననో పతకముల రిబ్బనులను ఎడమయెదపై కూర్చి, తలకడ రెజిమెంటు టోపీ నుంచుట గౌరవప్రదమే. విశ్రాంత సైనికులు ఉత్సవములకు ఇట్లే సాధారణ దుస్తులపై పతకములు ధరించి పోవుచున్నారు.

జాతీయపతాకమును గూర్చి మరియొక జాగ్రత్త అవసరము. ఉత్సాహముచేత మనవారు శవపేటికపై మువ్వన్నెల జెండాను కప్పుచున్నారు. 1971 నాటి జాతీయగౌరవ పరిరక్షణ చట్టము ప్రకారము ప్రభుత్వ లాంఛనములతోను సైనిక, అర్ధసైనిక దళముల లాంఛనములతోను జరుగు అంత్యక్రియలయందు తప్ప జెండాను అట్లు కప్పరాదు. కప్పినచోట కాషాయవర్ణము తలవైపున ఉండవలయును. 2002 నాటి పతాకనియమావళి ప్రకారము జెండాను గోతిలోనికి దింపరాదు, చితిపై కాల్చరాదు. యూనిఫారము అతనితో మట్టిలోనికి పోవచ్చును, జెండా పోరాదు. దుస్తు అతని సొంతము, జెండా అందరిది. ఈ భేదమును గ్రహించిన చాలును.

మతాచారముల సంగతియు ఆలోచింపవలయును. 1836లో బౌడెను, బీరు అను ఇంగ్లీషు మతబోధకులు నరసాపురము ప్రాంతమునకు వచ్చిన తరువాత గోదావరి డెల్టాలో క్రైస్తవము వ్యాపించెను. క్రైస్తవకుటుంబములలో మృతుని మంచిదుస్తులతో పేటికలో నుంచుట ఆచారము కనుక యూనిఫారమునకు చిక్కు లేదు. మహమ్మదీయులు పురుషుని దేహమును కుట్టని మూడు తెల్లవస్త్రములలో చుట్టుదురు. అందు కుట్టిన బట్టకు తావులేదు. అట్టియింట టోపీని, పతకములను శవవాహనము వెంట ఒకరు పళ్లెరమున పట్టుకొని నడచినచో ఆచారమునకు భంగము రాదు, సైనికునికి లోపము రాదు. హిందువులలో ఖననము చేయు తెగలు పెక్కు కలవు. అచ్చట కులపెద్దను ముందుగా సంప్రదించిన పనులు సులువగును. దహనము చేయువారు ఇంటనుండి శ్మశానమువరకు యూనిఫారముతో కొనిపోయి, చితికడ తీసి భద్రపరచుకొనవచ్చును.

స్వరాజ్యవాదులలో కొందరికి మరియొక సంశయము పూర్వము ఉండెడిది. పరప్రభుత్వము కిరీటముద్రను ధరించి పోరాడినవానికి స్వతంత్రభారతము గౌరవమేల చేయవలయునని వారి ప్రశ్న. రెండవ ప్రపంచయుద్ధము నాటివారిలో ఇప్పుడు జీవించియున్నవారు నూరేండ్లకు చేరువనున్న కొలదిమందియే. వారి యెదుట ఈ తర్కము వ్యర్థము. ఆ సిపాయి కోరి దేశద్రోహము చేయలేదు; కూటికొరకు చేరినవాడు కొందరు, ఫాసిస్టులను ఎదిర్పవలయునని చేరినవాడు కొందరు. ఆ సైన్యమునుండియే ఆజాద్ హిందు ఫౌజునకు పోయినవారుండిరి. బొంబాయిలో 1946 ఫిబ్రవరిలో నావికులు తిరుగబడినపుడు వారు ధరించియున్నది రాజనావికాదళపు దుస్తులే. 1950లో కిరీటము పోయి అశోకుని సింహములు వచ్చినవి. కాని చొక్కాలోని మనుష్యుడు మారలేదు. అతడు ఏ దుస్తులు ధరించి సేవచేసెనో అవియే అతని చరిత్ర; వానిని సవరించు అధికారము మనకు లేదు.

ఇక గౌరవలాంఛనములను గూర్చి. 2020 జూన్‌లో గల్వాను లోయలో ప్రాణమిచ్చిన కర్నలు సంతోష్‌బాబునకు సూర్యాపేటలో వేలమంది కన్నీటితో వీడ్కోలిచ్చిరి. 2025 మేలో సరిహద్దున నేలకొరిగిన అగ్నివీరుడు మురళీనాయక్‌కు శ్రీసత్యసాయి జిల్లా కల్లితండాలో ప్రభుత్వలాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. అవి జరుగవలసినవే, జరిగినందుకు తెలుగుజాతి గర్వింపవచ్చును. కాని అదే తుపాకికి ఎదురు నిలిచి, గుండు తగులక ఇల్లు చేరి, నలువదియేండ్లు వ్యవసాయకూలిగానో కావలివానిగానో బ్రతికి మంచముపై మరణించిన సైనికుని తలంపునకు తెచ్చుకొనువారెవరు? బ్రతికివచ్చుట అపరాధమా? ఈ ఉపేక్ష చిన్నవారిపట్లనే కాదు. 1971 విజయమునకు సేనాధిపతియైన ఫీల్డుమార్షలు మానెక్‌షా 2008 జూన్‌లో మరణించినపుడు, ఉదకమండలమున పార్సీ శ్మశానవాటికలో జరిగిన ఖననమునకు ప్రధానమంత్రిగాని రక్షణమంత్రిగాని పోలేదు; ప్రభుత్వముపక్షమున మన కాకినాడవారైన సహాయమంత్రి పళ్లంరాజు పోయిరి. ఫీల్డుమార్షలునకే అట్లు జరిగినచో లంకగ్రామపు సిపాయి మాట చెప్పనేల? రాజధానులు మరచినచోట గ్రామము జ్ఞాపకముంచుకొనవలయును.

గ్రామము జ్ఞాపకముంచుకొనుట అనగానే మరియొక ప్రశ్న ఎదురగుచున్నది. దానిని దాటిపోవుట మాకిష్టము లేదు. అతనిని యూనిఫారముతో ఎచ్చటికి కొనిపోవుదుము? మొదటి ప్రపంచయుద్ధానంతరము యోధుల సమాధులెట్లుండవలయునో నిర్ణయించుటకు బ్రిటిషు మ్యూజియము అధిపతి కెన్యను 1918లో ఒక నివేదిక సమర్పించెను. అధికారికిని సిపాయికిని, తెల్లవానికిని నల్లవానికిని ఒకేతీరు గౌరవము జరుగవలయుననుట దానిలోని మూలసూత్రము. ఆ సూత్రమును వారే తప్పిరి. భారతీయులును ఆఫ్రికనులును నగు లక్షకు పైబడిన మృతులకు పేరుపేరున స్మారకచిహ్నము లేకపోయెనని యుద్ధసమాధుల సంఘమే 2021లో ఒప్పుకొనెను. ఇంగ్లీషువారి ఆ తప్పును మనము వ్రేలెత్తి చూపుదుము, చూపవలసినదే. కాని మన గ్రామములలో ఏ కులమునకు ఆ శ్మశానమైయున్నదిగదా! కొన్నిచోట్ల దళితవాడ శ్మశానమునకు దారియే లేదు. వర్షాకాలమున శవమును మోకాలిలోతు నీటిలో మోసికొనిపోవలసివచ్చుచున్నది. దేశసరిహద్దును కాచినవానికి తన గోతివద్దకు పోవ దారి లేకపోయినచో, ఎదపై నెన్ని పతకములున్నను ఏమి లాభము?

ఈ సీమ 2022లో జిల్లాయై డాక్టరు అంబేడ్కరుగారి పేరు వహించినది. ఆయన 1891లో మౌ సైనికస్థావరమున పుట్టినవారు. ఆయన తండ్రి రాంజీ సైన్యమున సుబేదారు. సైన్యములో దొరకిన చదువును హోదాయును ఆ కుటుంబమునకు ఎట్టి యాధారమైనవో, ఆపై మహారులను సైన్యమున చేర్చుకొనుట మానినపుడు వారెట్టి దెబ్బ తినిరో ఆయన చక్కగా ఎరుగుదురు. 1941లో మహారు రెజిమెంటు ఏర్పడుట వెనుక ఆయన కృషి కలదు. సుబేదారు కుమారుని పేరు పెట్టుకొన్న జిల్లాలో సిపాయి కడపటి యాత్ర ఊరి నడివీథినుండి, ఊరందరు నిలిచి చూచుచుండగా సాగుట సముచితము.

చేయవలసినదేమి? పెద్ద ధనవ్యయముతో కూడిన పని కాదు. ప్రతి పంచాయతీయును తన గ్రామములోని విశ్రాంతసైనికుల పేర్లు, రెజిమెంటులు, డిశ్చార్జి పుస్తకపు సంఖ్యలు ఒకచోట వ్రాసియుంచవలయును. పతకములు పోగొట్టుకొన్నవారి తరఫున కాకినాడలోని జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము ద్వారా ఆ రెజిమెంటు రికార్డు కార్యాలయమునకు దరఖాస్తు పంపవచ్చును. ఇది మరణించిన దినమున తీరు పని కాదు, నెలలు పట్టును. కనుక అతడు బ్రతికియుండగానే చేయవలయును.

ఇంటివారు సంవత్సరమునకు ఒకమారు, సంక్రాంతి పోయిన తరువాత ఎండ కాయుదినములలో, పెట్టెను తెరచి దుస్తులను నీడపట్టున ఆరవేయవలయును. వేపాకును కర్పూరమును నడుమ నుంచవలయును. గుండీలను చింతపండుతో తోమి పొడిగా తుడువవలయును. దుస్తు బిగువైనచో ఊరి దర్జీ వెనుకవైపు నిలువునా కత్తిరించి ఇరువైపుల నాడాలు కుట్టియుంచిన, తొడుగుట సులువగును. ముందునుండి చూచువారికి తెలియదు. పతకములను మాత్రము పాతిపెట్టవలదని మా సలహా. రిబ్బనులు అతనితో పోనిండు. పతకములు మనుమల యొద్ద నుండనిండు. సమరసేవా తారయన నేమో, పూర్వీ తారయన నేమో తాతగారి పతకమును చేతబట్టి అడుగు బాలుడు ఒకడుండుట మేలు.

భూవసతిగల మా పాఠకులను ఒకటి ప్రత్యేకముగా కోరుచున్నాము. మీ తోటలో పనిచేసిన వృద్ధులలో సైనికుడెవడో తెలిసికొనుడు. చనిపోయిన తరువాత పూలదండ కొనుటకంటె ముందు చేయవలసినది కలదు. పెన్షను లేని, 65 ఏండ్లు దాటిన నిరుపేద మాజీసైనికులకును వారి వితంతువులకును కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా లభించు నెలసరి సహాయము 2025లో నాలుగువేలనుండి ఎనిమిదివేల రూపాయలకు పెంచబడినది. చదువురాని వితంతువు ఆ కాగితమును తనంత తాను వ్రాసికొనజాలదు. చదువుకొన్నవారు ఒక గంట వెచ్చించిన చాలును. ఆకలితో నున్నవానిని విడిచి శవమును అలంకరించుట గౌరవము కాదు. అట్లే, శ్మశానమునకు దారి యిరుకైనచోట మీ చేను గట్టు మూడడుగులు వెనుకకు జరిగిన మీ కొంపలు మునుగవు.

దేశరాజధానిలో 2019 ఫిబ్రవరిలో తెరవబడిన జాతీయయుద్ధస్మారకముపై 25 వేలకు పైబడిన పేర్లు చెక్కబడియున్నవి. అవి యుద్ధమున మరణించినవారి పేర్లు. బ్రతికివచ్చి మన నడుమ ముసలివారైనవారి పేర్లు చెక్కుటకు రాయి లేదు. వారికి ఊరివారి జ్ఞాపకమే రాయి. ఆ వృద్ధుడు ఈసారి "ఈ బట్టలే తొడగండి" అనినపుడు మాట మార్పవలదు. "అలాగే తొడుగుతాం, ముందు ఒకసారి పెట్టె తీసి చూద్దాం రండి" అని ఇంటివారు అనవలయును. అతడే తన చేతులతో గుండీలు పెట్టి, ఏది ఎక్కడనో, ఏ రిబ్బను తరువాత ఏదియో చూపించును. ఆ పాఠము చెప్పువాడు పోయిన తరువాత మరల దొరకడు.